సర్పిల నక్షత్రవీధుల భ్రమణదిశ

ఉద్దేశం

సర్పిలాకారంలో ఉన్న నక్షత్రవీధులు ఏ దిశలో తిరుగుతున్నాయో ఖగోళశాస్త్రజ్ఞులు నిర్ణయించిన తీరును వివరించడం, కంటికి కనిపించినదానినల్లా సత్యంగా స్వీకరించక పరీక్షించి తేల్చుకొనే శాస్త్రీయ దృక్పథాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మబ్బులేని అమావాస్య రాత్రి ఊరి దీపాలకు దూరంగా నిలిచి తల పైకెత్తి చూచినవారికి ఆకాశాన్ని రెండుగా చీల్చినట్లు ఒక తెల్లని పట్టీ గోచరిస్తుంది. పూర్వులు దానిని పాలపుంత అన్నారు, ఆకాశగంగ అన్నారు. అది పాలూ కాదు, నీరూ కాదు. పదివేల కోట్లకు తక్కువ కాని నక్షత్రాల సముదాయం. మన సూర్యుడు ఆ సముదాయంలో ఒక సామాన్య సభ్యుడు. ఇట్టి సముదాయాన్ని నక్షత్రవీధి లేదా గెలాక్సీ అంటారు. విశ్వంలో ఇటువంటి నక్షత్రవీధులు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. వాటిలో కొన్ని కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటాయి. కొన్నింటికి నియతమైన ఆకారమే ఉండదు. అన్నింటికంటె మనోహరమైనవి సర్పిల నక్షత్రవీధులు. నడుమ ఉబ్బెత్తుగా ప్రకాశించే కేంద్రం, దాని చుట్టూ పలుచని పళ్ళెం వంటి బింబం, ఆ బింబంలో చుట్టలు చుట్టుకొన్న కాంతిమయ బాహువులు – ఇదీ వాటి స్వరూపం.

ఈ సర్పిలాకారాన్ని మొట్టమొదట గుర్తించినవాడు ఐర్లండుకు చెందిన లార్డ్ రాస్. ఆయన తన బిర్ కోట ఆవరణలో ఆరడుగుల వ్యాసం గల దర్పణంతో ఒక మహా దూరదర్శినిని నిర్మించుకొన్నాడు. 1845లో దానిగుండా ఎం 51 అనే నీహారికను పరిశీలించి, అందులో నీటి సుడిని పోలిన ఆకృతిని చూచి చేతితో చిత్రించాడు. నాటికి ఛాయాచిత్ర విద్య ఖగోళ పరిశీలనకు అక్కరకు రాలేదు. ఆ చిత్రాన్ని చూచినవారికెల్లరకు ఒకే భావం కలిగింది: ఇది తిరుగుతున్నది! సుడి తిరగకుండా సుడి ఎట్లా అవుతుంది?

తిరుగుతున్నదనుకోవడం సులభమే. ఎటు తిరుగుతున్నదో చెప్పడమే కష్టమయింది. చుట్టలు విప్పుకొంటూ తిరుగుతున్నదా, చుట్టుకొంటూ తిరుగుతున్నదా? చూడటానికి చిన్నదిగా తోచే ఈ ప్రశ్నకు నిశ్చయమైన సమాధానం లభించడానికి ఆ తరువాత సుమారు వంద సంవత్సరాలు పట్టింది. ఆ దారిలో గొప్ప శాస్త్రజ్ఞులు సైతం పొరబడ్డారు. ఆ కథ తెలుసుకోదగినది.

కంటికి అందని చలనం

తిరిగే వస్తువు ఎటు తిరుగుతున్నదో కొంతసేపు చూస్తే తెలిసిపోతుంది గదా, ఇందులో చిక్కేమిటి అనిపించవచ్చు. కుమ్మరి సారెను చూస్తే క్షణంలో చెప్పగలము. కాని నక్షత్రవీధి ఒక్కసారి తిరగడానికి పట్టే కాలం కోట్ల సంవత్సరాలు. సూర్యుడు సెకనుకు 220 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తుతూ కూడ పాలపుంత కేంద్రాన్ని ఒకమారు చుట్టిరావడానికి ఇరవై కోట్ల సంవత్సరాలకు మించి తీసుకొంటాడు.

మనకు పొరుగున ఉన్న పెద్ద నక్షత్రవీధి దేవయాని. పాశ్చాత్యులు దానిని ఆండ్రోమెడా అంటారు. అది సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అందులోని ఒక నక్షత్రం సెకనుకు 250 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా కదలినా, మన ఆకాశంలో అది ఒక కోణీయ సెకను మేర జరగడానికి దాదాపు 15 వేల సంవత్సరాలు కావాలి. కోణీయ సెకను అంటే ఒక డిగ్రీలో 3600వ వంతు. ఒక మనిషి నూరేళ్ళు జీవించి, నూరేళ్ళూ దూరదర్శిని ముందే కూర్చున్నా, ఆ చలనం అతని కంటికి అందదు.

ఇక్కడ మరొక సంగతిని కూడ గమనించాలి. సవ్యదిశ, అపసవ్యదిశ అనే మాటలు చూచేవాని స్థానాన్ని బట్టి మారిపోతాయి. ఇంటి కప్పుకు వేలాడే పంకా క్రిందినుండి చూచినవానికి ఒక దిశలో, పైనుండి చూచినవానికి దానికి ఎదురు దిశలో తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. నక్షత్రవీధికి పైభాగమని, క్రిందిభాగమని నిర్ణయమేమీ లేదు. కాబట్టి శాస్త్రజ్ఞులు ప్రశ్నను మరొక విధంగా వేసుకొన్నారు. బాహువుల కొనలు భ్రమణదిశకు వెనుకగా ఉన్నాయా, ముందుగా ఉన్నాయా? వేగంగా పరుగెత్తే మనిషి భుజంపై ఉత్తరీయం వెనుకకు ఎగిరినట్లు, కొనలు వెనుకబడి ఉంటే వాటిని అనుగామి బాహువులు అనవచ్చు. కొనలు ముందుకు సాగి దారి చూపుతున్నట్లుంటే అవి పురోగామి బాహువులు. పంకాను ఎటునుండి చూచినా ఈ లక్షణం మాత్రం మారదు. అందువల్ల ఇదే అసలు ప్రశ్న.

కాంతి చెప్పిన సాక్ష్యం

1842లో ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. కూత వేస్తూ వచ్చే రైలుబండి మనవైపు వస్తున్నంతసేపు ఆ కూత హెచ్చుస్థాయిలోను, మనలను దాటిపోగానే తగ్గుస్థాయిలోను వినిపిస్తుంది. శబ్దానికివలెనే కాంతికి కూడ ఈ ధర్మం ఉన్నది. మనవైపు వచ్చే వస్తువు నుండి వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం కొంత తగ్గి వర్ణపటంలో ఊదా అంచువైపు జరుగుతుంది. దూరంగా పోయే వస్తువు కాంతి ఎరుపు అంచువైపు జరుగుతుంది. వర్ణపటంలో ప్రతి మూలకానికి దానికే చెందిన గీతలు ఉంటాయి. ఆ గీతలు తమ స్థానం నుండి ఎంత జరిగాయో కొలిస్తే ఆ వస్తువు ఎంత వేగంతో దగ్గరవుతున్నదో, దూరమవుతున్నదో చెప్పవచ్చు.

ఈ సూత్రాన్ని సర్పిల నీహారికలకు అన్వయించినవాడు వెస్టో స్లైఫర్. ఆయన అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలోని లోవెల్ వేధశాలలో పనిచేసేవాడు. ఆయనకు లభించినది 24 అంగుళాల కటకం గల దూరదర్శిని. నీహారికల కాంతి మిక్కిలి మందమైనది. దానిని ఇంద్రధనుస్సువలె విడదీస్తే మరింత పలుచనవుతుంది. ఆ కాంతిని ఛాయాచిత్ర ఫలకంపై పట్టడానికి స్లైఫర్ గంటలకొలది, రాత్రులకొలది ఓపికతో శ్రమించాడు. 1912లో ఆయన దేవయాని నక్షత్రవీధి సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్నదని కనుగొన్నాడు. నాటికి తెలిసిన ఏ ఖగోళ వస్తువుకూ అంతటి వేగం లేదు.

1914లో ఆయన కన్యారాశిలోని ఎన్.జి.సి. 4594 అనే నీహారిక వర్ణపటాన్ని తీశాడు. దూరదర్శినికి అమర్చిన సన్నని చీలికను ఆ నీహారిక పొడవునా నిలిపాడు. ఫలకంపై గీతలు నిటారుగా ఉండవలసినది పోయి ఒకవైపుకు వాలి ఉన్నాయి. దాని అర్థం స్పష్టం. నీహారిక ఒక కొన మనవైపు వస్తున్నది, రెండవ కొన మనకు దూరమవుతున్నది. అనగా అది తిరుగుతున్నది! అదే సంవత్సరం జర్మనీకి చెందిన మాక్స్ వోల్ఫ్ కూడ ఎం 81 నీహారికలో ఇట్టి వాలుగీతలనే గమనించాడు. లార్డ్ రాస్ చిత్రాన్ని చూచినవారు ఊహించినది ఆ విధంగా నిరూపితమయింది. తరువాత మౌంట్ విల్సన్ వేధశాలలో ఫ్రాన్సిస్ పీజ్ దేవయాని భ్రమణాన్ని నమోదు చేయడానికి ఒకే ఫలకాన్ని నెలల తరబడి రాత్రి తరువాత రాత్రి తెరచి, మొత్తం దాదాపు 80 గంటలు కాంతిని సేకరించవలసివచ్చింది.

పళ్ళెం చిక్కు

గీతలు వాలినంత మాత్రాన సమస్య తీరలేదు. ఒక గుండ్రని పళ్ళేన్ని చేతపట్టుకొని, పై అంచును మనవైపుకు వంచితే అది కోలగా కనిపిస్తుంది. పై అంచును అవతలకు వంచినా అదే కోల ఆకారం కనిపిస్తుంది. పళ్ళెం చేతిలో ఉన్నది గనుక ఏ అంచు దగ్గరో మనకు తెలుసు. కాని కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పళ్ళేనికి ఏ అంచు దగ్గర, ఏ అంచు దూరం?

ఇది తెలియనిదే భ్రమణదిశ తేలదు. ఎందువల్లనంటే, డాప్లర్ సూత్రం కుడికొన దగ్గరవుతున్నది, ఎడమకొన దూరమవుతున్నది అని మాత్రమే చెబుతుంది. కుడికొన దగ్గరవుతున్నదంటే అక్కడి నక్షత్రాలు దూరపు అంచు నుండి దగ్గరి అంచుకు పోతున్నాయన్నమాట. దగ్గరి అంచు పైనున్నదైతే అవి కుడిప్రక్కగా పైకి పోతున్నట్లు, అంటే అపసవ్యదిశలో తిరుగుతున్నట్లు. దగ్గరి అంచు క్రిందనున్నదైతే అవి కుడిప్రక్కగా క్రిందికి, అంటే సవ్యదిశలో తిరుగుతున్నట్లు. వర్ణపటం ఒకటే, తీర్పులు రెండు!

ఈ చిక్కును విప్పినది ధూళి. సర్పిల నక్షత్రవీధి బింబంలో నక్షత్రాలతోబాటు నల్లని ధూళిమేఘాలు కూడ పట్టీలుగా పరచుకొని ఉంటాయి. నడుమ నున్న ఉబ్బు మాత్రం బింబానికి పైకి, క్రిందికి పొంగి ప్రకాశిస్తూ ఉంటుంది. బింబం ఏటవాలుగా ఉన్నప్పుడు, దగ్గరి అంచులోని ధూళి మనకు, ఆ వెలుగుతున్న ఉబ్బుకు మధ్య అడ్డంగా నిలుస్తుంది. దీపానికి ముందు పట్టిన తెరవలె అది నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. దూరపు అంచులోని ధూళి ఉబ్బుకు వెనుకగా ఉంటుంది. దీపం వెనుకనున్న తెర దీపకాంతిని ఆపలేదు గదా! అక్కడ ఉబ్బు వెలుగే ముందు ఉండి ధూళిని కప్పివేస్తుంది. కాబట్టి ఏ ప్రక్కన ధూళిపట్టీలు ఉబ్బు కాంతిపై నల్లగా గీచినట్లు కనిపిస్తాయో ఆ ప్రక్క మనకు దగ్గరిది.

దేవయాని నక్షత్రవీధినే ఉదాహరణగా తీసుకొందాము. ఆకాశపటంలో ఉత్తరం పైకి, తూర్పు ఎడమకు ఉంటాయి. తలపైనున్న ఆకాశాన్ని క్రిందినుండి చూస్తాము గనుక తూర్పు పడమరలు నేలపటానికి తారుమారవుతాయి. దేవయాని ఎడమ పైమూలనున్న ఈశాన్యం నుండి కుడి క్రిందిమూలనున్న నైరృతి వరకు కోలగా సాగి ఉన్నది. మొత్తం నక్షత్రవీధి సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్నదని చెప్పుకొన్నాము. నైరృతి కొన అంతకంటె ఎక్కువ వేగంతో, ఈశాన్య కొన అంతకంటె చాల తక్కువ వేగంతో వస్తున్నాయి. అనగా కేంద్రంతో పోల్చితే నైరృతి కొన దగ్గరవుతున్నది, ఈశాన్య కొన దూరమవుతున్నది. ధూళిపట్టీలు వాయవ్యపు ప్రక్కన స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి వాయవ్యం దగ్గరి అంచు, ఆగ్నేయం దూరపు అంచు. నైరృతి కొన దగ్గరవుతున్నదంటే అక్కడి నక్షత్రాలు ఆగ్నేయం నుండి నైరృతి మీదుగా వాయవ్యానికి పోతున్నాయి. పటంపై వ్రేలితో గీచి చూస్తే ఎడమ క్రిందినుండి కుడి క్రిందికి, అక్కడినుండి కుడి పైకి వ్రేలు నడుస్తుంది. అది అపసవ్యదిశ. ఈ విధంగా దూళి, వర్ణపటం అనే రెండు సాక్ష్యాలు కలిసినప్పుడే తీర్పు ఒకటవుతుంది.

స్లైఫర్ 1917 నాటికే ఇట్టి తర్కంతో, తాను పరిశీలించిన నీహారికలు గడియారంలోని స్ప్రింగు చుట్టుకొంటున్నట్లు తిరుగుతున్నాయని, బాహువులు అనుగాములని అభిప్రాయపడ్డాడు. ఆయన చెప్పినది సత్యమే. కాని లోకం దానిని వెంటనే స్వీకరించలేదు.

పొరపాటు నేర్పిన పాఠం

అదే కాలంలో మౌంట్ విల్సన్ వేధశాలలో అడ్రియాన్ వాన్ మానెన్ అనే శాస్త్రజ్ఞుడు మరొక మార్గం పట్టాడు. నక్షత్రాల స్థానాలను సూక్ష్మంగా కొలవడంలో ఆయన నిపుణుడుగా పేరొందాడు. కొన్ని సంవత్సరాల ఎడంతో తీసిన ఛాయాచిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి, ఎం 101 అనే సర్పిల నీహారికలోని కాంతిబిందువులు కదలినట్లు 1916లో ప్రకటించాడు. ఆయన లెక్కప్రకారం ఆ నీహారిక సుమారు 85 వేల సంవత్సరాలకు ఒకసారి తిరుగుతుంది. పదార్థం బాహువుల వెంబడి వెలుపలికి సాగిపోతూ ఉంటుంది. తరువాతి సంవత్సరాలలో మరికొన్ని నీహారికలలోను ఇదే విధమైన కదలికను చూచినట్లు చెప్పాడు.

ఈ ఫలితానికి ఊహించని ప్రాముఖ్యం వచ్చింది. సర్పిల నీహారికలు పాలపుంతలోని చిన్న మేఘాలా, పాలపుంతకు ఆవల దూరాన ఉన్న స్వతంత్ర నక్షత్రవీధులా అనే వివాదం ఆనాడు తీవ్రంగా సాగుతున్నది. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్ నగరంలో హార్లో షాప్లీ, హెబర్ కర్టిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పండితసభలో ఈ విషయంపై తమ వాదాలను వినిపించారు. సర్పిల నీహారికలు అంత శీఘ్రంగా తిరుగుతున్న పక్షంలో అవి దూరాన ఉండటానికి వీలులేదు. దూరాన ఉంటే వాటి పరిమాణం బృహత్తరమై, అంచుల వేగం కాంతివేగాన్నే మించిపోతుంది. కాబట్టి అవి దగ్గరివే అని షాప్లీ పక్షం. వాన్ మానెన్ కొలతలు నిజమైతే తన వాదం నిలువదని కర్టిస్ కూడ అంగీకరించాడు. అయితే ఆ కొలతలే నమ్మదగినవి కావని ఆయన సందేహం.

1923లో ఎడ్విన్ హబుల్ దేవయానిలో సెఫీడ్ జాతి చరనక్షత్రాన్ని గుర్తించి, దాని వెలుగు హెచ్చుతగ్గులను బట్టి ఆ నీహారిక పాలపుంతకు ఎంతో ఆవల ఉన్నదని నిరూపించాడు. 1925 జనవరి 1న ఈ విషయం శాస్త్రజ్ఞుల సభలో వెల్లడయింది. మరి వాన్ మానెన్ కొలతల సంగతి? హబుల్ అవే నీహారికల చిత్రాలను ఇంకా ఎక్కువ కాల వ్యవధితో తిరిగి పరీక్షించి, 1935లో వాటిలో కొలవదగిన భ్రమణమేదీ లేదని ప్రకటించాడు. వాన్ మానెన్ తాను కూడ తన పాత ఫలితాలను జాగ్రత్తతో చూడవలసి ఉన్నదని ఒప్పుకొన్నాడు.

వాన్ మానెన్ అబద్ధమాడినవాడు కాడు. ఆయన కొలవబోయిన చలనం ఆనాటి ఫలకాలకు, పరికరాలకు అందనంత సూక్ష్మమైనది. అట్టిచోట ఉన్నదేదో, కనబడాలని మనస్సు కోరినదేదో వేరుచేయడం దుష్కరం. వాన్ మానెన్ తనకు మిత్రుడు గనుక ఆయన ఫలితాలను నమ్మానని షాప్లీ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. స్నేహం గొప్పదే, కాని కొలతకు స్నేహం సాక్ష్యం కాజాలదు.

వివాదం అంతటితో ముగియలేదు. నక్షత్రవీధుల భ్రమణ సిద్ధాంతానికి పునాది వేసిన వారిలో ఒకడైన స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్టిల్ లిండ్‌బ్లాడ్ బాహువులు పురోగాములని చాలకాలం వాదించాడు. ధూళిపట్టీలను బట్టి దగ్గరి అంచును నిర్ణయించే పద్ధతిని ఆయన మరొక విధంగా అన్వయించాడు. 1943లో హబుల్ ఈ ప్రశ్నను చేపట్టాడు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నది. నక్షత్రవీధి పూర్తిగా మనకు ఎదురుగా ఉంటే బాహువులు చక్కగా కనిపిస్తాయి గాని, ఏ కొనా దగ్గరవడం, దూరమవడం ఉండదు. డాప్లర్ సూత్రం పనిచేయదు. అంచు మాత్రమే మనవైపుంటే వేగం చక్కగా తెలుస్తుంది గాని బాహువులు కనిపించవు. రెండూ కొంత కొంత తెలిసే ఏటవాలు కావాలి. ధూళి కూడ స్పష్టంగా ఉండాలి. అందువల్ల ఆయన పరిశీలించిన 15 నక్షత్రవీధులలో నిస్సందేహంగా తీర్పు చెప్పదగినవి నాలుగే మిగిలాయి. ఆ నాలుగింటిలోను బాహువులు అనుగాములే. 1958లో జెరార్డ్ ద వొకులర్ మరిన్ని నక్షత్రవీధులను పరిశీలించి అదే నిర్ణయానికి వచ్చాడు. ఇరవైయారేళ్ళ క్రిందట స్లైఫర్ చెప్పిన మాట హబుల్ చేతిలో నిలిచింది.

నియమం, దానికి అపవాదం

బాహువులు ఎందుకు వెనుకబడతాయి? నక్షత్రవీధి బండిచక్రంవలె గట్టిగా బిగించిన వస్తువు కాదు. కేంద్రానికి చేరువగా ఉన్న నక్షత్రాలు చిన్న వలయాన్ని త్వరగా పూర్తిచేస్తాయి. దూరాననున్నవి పెద్ద వలయాన్ని ఆలస్యంగా పూర్తిచేస్తాయి. కాబట్టి బింబంలో ఏర్పడిన ఏ ఆకృతి అయినా లోపలి భాగం ముందుకు, వెలుపలి భాగం వెనుకకు సాగి వంకర తిరుగుతుంది. అయితే బాహువు ఎప్పుడూ అవే నక్షత్రాలతో కూడినదైతే కొన్ని భ్రమణాలలోనే దారపు ఉండవలె చుట్టుకొనిపోయి ఆకృతి నశించాలి. అట్లా జరగడం లేదు. 1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఒక సమాధానం చెప్పారు. రద్దీ బాటలో ఒకచోట వాహనాలు ఒత్తుకొని నిలుస్తాయి. వచ్చే వాహనాలు వస్తుంటాయి, పోయేవి పోతుంటాయి, రద్దీ మాత్రం ఉంటుంది. బాహువు కూడ అట్టి రద్దీయే, సాంద్రతా తరంగమే అని వారి సిద్ధాంతం.

ప్రకృతి నియమానికి అపవాదాన్ని కూడ చూపింది. సెంటారస్ నక్షత్రమండలంలో, సుమారు 11 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్.జి.సి. 4622 అనే నక్షత్రవీధి ఉన్నది. దానికి వెలుపల రెండు బాహువులు ఒక దిశకు, లోపల ఒక బాహువు ఎదురు దిశకు వంగి ఉన్నాయి. కాబట్టి అది ఎటు తిరిగినా ఏదో ఒక జత పురోగామి కాక తప్పదు. రాన్ బ్యూటా, జీన్ బైర్డ్, టార్ష్ ఫ్రీమన్ అనే పరిశోధకులు 2001లో హబుల్ అంతరిక్ష దూరదర్శినితో తీసిన చిత్రాలలో ధూళిపట్టీలు ఏ ప్రక్క నల్లగా ఉన్నాయో చూచి దగ్గరి అంచును గుర్తించారు. దానికి వర్ణపట సాక్ష్యాన్ని జోడించి, ఆ నక్షత్రవీధి సవ్యదిశలో తిరుగుతున్నదని, వెలుపలి రెండు బాహువులే పురోగాములని 2002లో ప్రకటించారు. తమ ఊహకే విరుద్ధమైన ఫలితమైనా సాక్ష్యం చెప్పినదానినే వారు స్వీకరించారు. మరొక చిన్న నక్షత్రవీధితో కలిసిపోవడం ఇట్టి వింతకు కారణమై ఉండవచ్చునని భావిస్తున్నారు.

కొత్త కళ్ళు

కంటికి కనిపించే కాంతి ఒక్కటే సాక్ష్యం కాదు. నక్షత్రవీధులలోని హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగాలను వెలువరిస్తుంది. 1951లో మొదటిసారి గుర్తించిన ఈ తరంగాలు ధూళిని దాటి వస్తాయి. వాటికి కూడ డాప్లర్ సూత్రం వర్తిస్తుంది. మన దేశంలో పూణె సమీపాన ఖోడద్ వద్ద ఉన్న మహా రేడియో దూరదర్శిని, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్ళేలతో, నక్షత్రవీధుల హైడ్రోజన్‌ను పరిశీలిస్తున్నది. ఇట్టి పరిశీలనల వల్ల భ్రమణదిశ ఒక్కటే గాక, కేంద్రం నుండి అంచు వరకు వేగం ఎట్లా మారుతున్నదో తెలుస్తుంది. వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో దేవయాని వేగాలను కొలిచి, అంచులకు పోయినా వేగం తగ్గడంలేదని చూపారు. కంటికి కనిపించని కృష్ణపదార్థం ఉన్నదనడానికి ఇట్టి కొలతలు బలమైన ఆధారమయ్యాయి.

వాన్ మానెన్ చూడగోరిన చలనం కూడ చివరకు కంటబడింది. అమెరికాలో హవాయి నుండి వర్జిన్ దీవుల వరకు పరచిన పది రేడియో పళ్ళేలను ఒకే దూరదర్శినిగా కలిపి, ఎం 33 అనే సర్పిల నక్షత్రవీధిలో ఎదురెదురు ప్రక్కలనున్న రెండు జలవాయు మేఘాల రేడియో కాంతిని శాస్త్రజ్ఞులు కొన్ని సంవత్సరాలు గమనించారు. అవి ఒకదానితో ఒకటి పోల్చగా జరిగిన మేర ఏడాదికి ఒక కోణీయ సెకనులో కొన్ని పదివేలవ వంతులకన్నా తక్కువ. అయినా ఆ చలనాన్ని నిశ్చయంగా కొలిచి 2005లో ప్రకటించారు. ఒక తరం తొందరపడి చూచాననుకొన్నదానిని మరొక తరం ఓపికతో నిజంగా చూచింది.

బాహువులు సాధారణంగా అనుగాములని స్థిరపడిన తరువాత ఒక సౌలభ్యం ఏర్పడింది. చిత్రంలో బాహువుల వంపును చూచి, కొనలు చూపే దిశకు ఎదురుగా నక్షత్రవీధి తిరుగుతున్నదని చెప్పవచ్చు. ఈ సూత్రంతో 2007లో ‘గెలాక్సీ జూ’ అనే కార్యక్రమం ప్రారంభమయింది. లక్షమందికి పైగా సామాన్యులు తమ ఇండ్లలో కూర్చుండి నక్షత్రవీధుల చిత్రాలను చూచి, సవ్యమో అపసవ్యమో నమోదు చేశారు. లెక్కచూస్తే అపసవ్యమైనవి కొంత ఎక్కువగా తేలాయి. విశ్వానికే ఒక దిశపై పక్షపాతమున్నదా? నిర్వాహకులు తొందరపడలేదు. అవే చిత్రాలను అద్దంలో ప్రతిబింబంవలె తారుమారు చేసి మళ్ళీ చూపారు. ఎక్కువతక్కువలు తారుమారు కావలసి ఉండగా, మళ్ళీ అపసవ్యమైనవే ఎక్కువగా వచ్చాయి. పక్షపాతం విశ్వానిది కాదు, మనిషి చూపుది అని ఆ విధంగా తేలిపోయింది.

2025లో ఒక పరిశోధకుడు జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని తీసిన చిత్రాలలో 263 నక్షత్రవీధులను లెక్కించి, 158 ఒక దిశలో, 105 మరొక దిశలో తిరుగుతున్నాయని ప్రకటించాడు. ఇతర పరిశోధకులు పెద్ద సంఖ్యలో నక్షత్రవీధులను లెక్కించినప్పుడు రెండు దిశలూ సమానంగానే ఉన్నాయని చూపి ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్నకు కూడ అద్దపు పరీక్ష వంటి పరీక్షలే తీర్పు చెప్పవలసి ఉంటుంది.

నక్షత్రవీధులు మన కోసం తిరగడం లేదు. మనం పుట్టకముందు తిరిగాయి, మన తరువాత కూడ తిరుగుతాయి. వాటి ఒక్క భ్రమణంలో మానవజాతి చరిత్ర అంతా ఒక రెప్పపాటు. అయినా ఆ రెప్పపాటులో మనిషి ధూళిని, గీతల వాలును సాక్ష్యంగా పిలిచి, తన కంటినే సందేహించి, తన పొరపాటును తానే దిద్దుకొని, కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఏ సుడి ఎటు తిరుగుతున్నదో చెప్పగలిగాడు. విజ్ఞానశాస్త్రం బలం ఎన్నడూ పొరబడకపోవడంలో లేదు. పొరబడినప్పుడు తెలుసుకొనే మార్గాన్ని కాపాడుకోవడంలో ఉన్నది.

అర్థాలు

సర్పిలం = పామువలె చుట్టలు చుట్టుకొన్న ఆకారం
నీహారిక = ఆకాశంలో మంచు తెరవలె కనిపించే కాంతిమేఘం
వేధశాల = గ్రహనక్షత్రాలను పరిశీలించే స్థలం
వర్ణపటం = కాంతిని విడదీయగా ఏర్పడే రంగుల వరుస
అనుగామి = వెంట నడిచేది
పురోగామి = ముందు నడిచేది
దుష్కరం = చేయడానికి కష్టమైనది
అపవాదం = నియమానికి లోబడనిది, మినహాయింపు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వర్ణపటం, ధూళిపట్టీలు – ఈ రెండింటి సహాయంతో నక్షత్రవీధి భ్రమణదిశను ఎట్లా నిర్ణయిస్తారో దేవయాని ఉదాహరణతో వివరించండి.
2. వాన్ మానెన్ పొరపాటు నుండి, ‘గెలాక్సీ జూ’ అనుభవం నుండి గ్రహించవలసిన శాస్త్రీయ దృక్పథాన్ని చర్చించండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. సవ్య, అపసవ్య దిశలకు బదులు అనుగామి, పురోగామి అనే విభజన ఎందుకు అవసరమయింది?
2. హబుల్ పరిశీలించిన 15 నక్షత్రవీధులలో నాలుగింటికే తీర్పు చెప్పగలగడానికి కారణమేమిటి?
3. ఎన్.జి.సి. 4622 విశేషాన్ని తెలపండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. వర్ణపటం ఒకటే, తీర్పులు రెండు!
2. కొలతకు స్నేహం సాక్ష్యం కాజాలదు.
3. పక్షపాతం విశ్వానిది కాదు, మనిషి చూపుది.